పంటి బిగువున

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రొసారియోలో
మనుషుల నోళ్ళలోకి దీపం వేసి చూస్తున్నాను.
ధరలు పెరిగాయని నాకు పేపరు చెప్పక్కర్లేదు,
దవడ పళ్ళు చెబుతాయి.

నేలిదాకి రాత్రి డ్యూటీ, సూపర్ మార్కెట్లో
నిన్నటి ధర చీటీ మీద ఇవాళ్టి చీటీ అతికించడం.
పాల మీద, పిండి మీద, సబ్బు మీద.
తెల్లారాక ఇంటికెళ్ళి
నిద్రలో పళ్ళు నూరుతుంది.
ఎవరి మీదా కాదు.
ఎవరి మీద నూరాలో తెలిసుంటే
ఇంత అరిగేవి కావేమో.

పైన తెల్లటి పొర పోయింది,
లోపలి పసుపు బయటపడింది,
పాత ఆఫీసు మెట్టులా నడుమ గుంట.
నలభై ఏళ్ళ మనిషికి డెబ్బై ఏళ్ళ నోరు.

ఒంటికి చదువు రాదు.
అద్దె కాగితానికీ ప్యూమాకీ తేడా తెలీదు.
రెండింటికీ ఒకటే హడావిడి:
గుండెను ఉరికించు, నెత్తురులోకి చక్కెర వదులు,
కడుపును పని ఆపమను, కండరాన్ని బిగించు.
ప్యూమా అయితే పది నిమిషాల్లో తేలిపోతుంది,
నువ్వో అదో.
అద్దె కాగితం నెలనెలా పొదలోంచి లేస్తుంది.
పరిగెత్తని కాళ్ళ కోసం
నెత్తురు ఏళ్ళ తరబడి పొంగుతూనే ఉంటుంది.
నాళాలు గట్టిపడతాయి, నిద్ర పలచబడుతుంది,
చిన్న పుండు మానడానికి నెల పడుతుంది.

ఇదంతా గుండె డాక్టరు చెప్పాల్సిన మాట.
నా చేతిలో ఉన్నది చిన్న అద్దం.
వాళ్ళకి ఆఖర్న తెలిసేది
ఒక్కోసారి ఇందులో ముందే కనిపిస్తుంది.

ఏప్రిల్లో, సోయా లారీలు రేవు దాకా బారులు తీరే రోజుల్లో
అనీబల్ లెస్కానో వచ్చాడు.
రెండు రాత్రులుగా స్టీరింగు మీదే కునుకు,
మాతే తాగడం, మళ్ళీ మాతే తాగడం.
"కింద, ఎడమ పక్క. పీకేయండి డాక్టర్,
నా వెనక లారీవాడు హారన్ కొడుతుంటాడు."

పన్ను మీద తట్టాను. చల్లగాలి ఊదాను.
ఎక్స్‌రే తీశాను. నిక్షేపంలా ఉంది.
"నొప్పి ఎప్పుడొస్తోంది?"
"టార్పాలిన్ కట్టడానికి పైకెక్కినప్పుడు. దిగితే పోతుంది."

పన్నుకు ఎక్కడం దిగడం ఏం తెలుసు?

పట్టకారు పక్కన పెట్టాను.
"ఇది పన్ను కాదు, గుండె.
ఈ కుర్చీలోంచే ఆసుపత్రికి."
నవ్వాడు. గుండె నోట్లో ఉంటుందా అన్నాడు.
మాబెల్ అంబులెన్సుకు ఫోన్ కలిపేలోగా
వీధి తలుపు చప్పుడైంది.
వరసలో చోటు పోతుందని వెళ్ళిపోయాడు.

మే నెలలో అతని భార్య వచ్చింది.
నిరుడు అతని రాత్రి తొడుగుకు అచ్చు తీశాను,
దానికి మిగిలిన రెండో వాయిదా
కవర్లో తెచ్చి బల్ల మీద పెట్టింది.
వద్దంటే వినలేదు. ఏడవలేదు.
పంటి బిగువున నిలబడింది.
కణత దగ్గర కండరం లేచి పడటం చూశాను.
ఈ వృత్తిలో చూడకుండా ఉండటం కుదరదు.

అచ్చుల అల్మరాలో అనీబల్ సుద్ద దవడ ఇంకా ఉంది.
దుమ్ము దులుపుతాను, పారేయను.
మీరెప్పుడు చూపించుకున్నారని మొన్న మాబెల్ అడిగింది.
మాట దాటేశాను.
ఆ రాత్రి నాలుకతో తడుముకుంటే
కుడివైపు ఒక అంచు బ్లేడులా తగిలింది.

తొడుగు కొనలేని వాళ్ళకి ఒకటే చెబుతాను:
"నో" అనబోతున్నట్టు నోరు పెట్టండి.
నాలుక కొన పైపళ్ళ వెనక.
మాట బయటికి రానక్కర్లేదు, అక్కడే ఆగండి.
పళ్ళు వాటంతటవే విడిపోతాయి.

నేలిదా అలాగే పెట్టి చూసింది.
దవడ జారింది, కళ్ళు మూతపడ్డాయి.
కాసేపాగి అడిగింది,
"మొత్తం అనేస్తే?"

షిఫ్టుకు టైమవుతోంది తనకి.
కుర్చీ కిందికి దించాను.